తాతగారి పెంకుటిల్లు విప్పుతున్నాం: ఏవి దాచుకోవాలి, ఏవి వదిలేయాలి?

పెంకుటిల్లు_రాజోలు | జనవరి 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రాజోలు దగ్గర మా తాతగారి మండువా ఇల్లు ఉంది. పోయిన వానాకాలం గాలివానకు పడమటి వసారా కప్పు కూలింది. వంటింటి గోడ ఉప్పురిసి పొట్ట వేసింది. ఇంట్లో ఎవరూ ఉండడం లేదు. మళ్లీ నిలబెట్టే స్తోమత మా అన్నదమ్ములకు లేదు. ఈ మాట ఒప్పుకోవడానికే మాకు రెండేళ్లు పట్టింది.

పాత సామాను కొనే ఒకాయన వచ్చి చూశాడు. ఇంటి మొత్తానికి కలిపి ఒక రేటు చెప్పి, మూడు రోజుల్లో స్థలం చదును చేసి ఇస్తానంటున్నాడు. సరే అందామనుకుంటుండగా మా తమ్ముడు ఆపాడు. కాకినాడలో అమ్మానాన్నలు ఉండే డాబా ఇల్లు ఎలాగూ బాగుచేయించాలి. ముందు వరండా, పైన ఒక గది వేయాలి. ఆ పనికి ఈ సామానే వాడుకోవచ్చు కదా అన్నది వాడి ఆలోచన.

మాకు కనిపిస్తున్నవి: మండువా చుట్టూ 8 స్తంభాలు, దూలాలు, తాటి వాసాలు, 5 జతల తలుపులు, కిటికీలు, రెండు మూడు వేల పెంకులు, సున్నంతో కట్టిన ఇటుక గోడలు. పశువుల పాక మీద సిమెంటు రేకులు కూడా ఉన్నాయి. కొన్ని పెంకుల అడుగున 1865 అని అచ్చు ఉంది. అంటే అవి నూట అరవై ఏళ్ల నాటివా? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

బెజవాడ_మేస్త్రి | జనవరి 6, రాత్రి 10:25

అడ్వాన్సు తీసుకోకపోతే మీరు సగం గెలిచినట్టే. మొత్తానికి కలిపి రేటు చెప్పేవాడి లెక్కంతా కలప మీదే ఉంటుంది. ఇటుక, పెంకు వాడికి అడ్డం. వాటిని పగలగొట్టి కలప లాక్కుపోతాడు. ముందు ఒక సుద్దముక్క, నోటు పుస్తకం పట్టుకుని ఇల్లంతా తిరగండి. ప్రతి దూలం పొడవు, మందం రాసుకోండి. ఒక రోజు పని. ఆ రోజు గడిచాక మీ దగ్గర ఏముందో మీకే తెలుస్తుంది.

విప్పడం కప్పు నుంచి కిందికి. పెంకులు, ఆ తరువాత వాటి కింది సన్నని బద్దెలు, వాసాలు, దూలాలు, స్తంభాలు, చివర తలుపులు, గోడలు. కట్టిన వరుసకు సరిగ్గా ఎదురు. దూలం దించేటప్పుడు రెండు వైపులా తాళ్లు కట్టి దించాలి. కింద మనిషి ఉండకూడదు.

మూసీ_అవతల | జనవరి 7, ఉదయం 6:50

పెంకుల మీద 1865 గురించి. జర్మన్ మిషనరీ జార్జ్ ప్లెబ్స్ట్ మంగళూరులో బాసెల్ మిషన్ తరఫున పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం అది. ఆ తరువాత తయారైన పెంకుల మీద కూడా అదే సంవత్సరం గుర్తుగా వేశారు. కాబట్టి అది మీ పెంకు పుట్టిన రోజు కాదు, ఫ్యాక్టరీ పుట్టిన రోజు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆ ఫ్యాక్టరీలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి వెళ్లాయి. మీ పెంకు మీద ఆ పేరు ఉంటే అది యుద్ధం తరువాతి సరుకు.

ఇంకో ముఖ్యమైన మాట. అచ్చు చూసి పెంకులను వేరువేరు గుట్టలుగా పేర్చండి. ఒక్కో ఫ్యాక్టరీ పెంకుకు గాడి కొలత కొంచెం తేడా. రెండు రకాలు కలిపి నేస్తే పైకి చక్కగా కనిపిస్తాయి, వాన పడ్డాక కారతాయి.

ఉలి_సుత్తి | జనవరి 7, మధ్యాహ్నం 1:15

మాది వడ్రంగం కుటుంబం, మా నాన్న నుంచి నాకు వచ్చిన పని. కలప గురించి నేను చెబుతాను.

ముందు అది టేకా, మద్దా, వేపా తేల్చుకోండి. పైన రంగు, మసి, జిడ్డు ఉన్నప్పుడు అన్నీ ఒకటిలాగే ఉంటాయి. కనపడని మూల అరచేతి వెడల్పున చిత్రిక పట్టించండి. టేకు అయితే లోపలి నుంచి తేనె రంగు వస్తుంది, నూనె వాసన తగులుతుంది. యాభై ఏళ్లు ఎండిన టేకు ఇక వంకర తిరగదు, బిగుసుకోదు. కొత్త చెక్కలో ఎంత డబ్బు పోసినా ఈ గుణం దొరకదు.

తరువాత స్క్రూడ్రైవర్ తీసుకుని దూలం రెండు చివర్లూ పొడవండి. గోడలోకి దిగిన చివరే ముందు పుచ్చుతుంది. మెత్తగా దిగితే అక్కడి వరకు కోసేయాలి. పది అడుగుల దూలం రెండు పక్కలా అడుగు పోయినా ఎనిమిది అడుగులు మిగులుతుంది. సన్నని రంధ్రాల కింద పిండి లాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందని అర్థం. ఆ చెక్కను మంచి చెక్కతో కలిపి పేర్చకండి. పొడి లేని పాత రంధ్రాలకు భయం లేదు.

కోత మిల్లుకు తీసుకెళ్లేముందు మేకులన్నీ పీకించండి. పీకాక అయస్కాంతం పెట్టి ఇంకోసారి వెతకండి. ఒక్క మేకు తగిలినా రంపం పళ్లు పోతాయి. చాలా మిల్లులవాళ్లు పాత చెక్క ముట్టుకోకపోవడానికి కారణం ఇదే.

తాటి వాసాలను చిత్రిక పట్టించే ప్రయత్నం చేయకండి. వాటి పీచు సూదుల్లా గుచ్చుకుంటుంది. గట్టిగా ఉన్నవాటిని ఉన్నవి ఉన్నట్టు వాసాలుగానే వాడండి. జీడి నూనె ఒక పూత వేస్తే చెద దగ్గరికి రాదు. ఒంటి మీద పడితే చర్మం కాలుతుంది, చేతులకు తొడుగులు తప్పనిసరి.

తుంగభద్ర_తీరం | జనవరి 7, రాత్రి 8:30

మాది అలంపురం వైపు. 1981లో శ్రీశైలం నీళ్లకు మా అమ్మమ్మ వాళ్ల ఊరు మునిగింది. ఊరు వదిలేటప్పుడు తాత దర్వాజలు, దూలాలు ఎద్దుల బండి మీద వేసుకొచ్చాడు. ఆ హడావిడిలో ఏది ఎక్కడిదో గుర్తు పెట్టలేదు. కొత్త చోట ఇల్లు కడుతుంటే ఏ చెక్కకు ఏ చెక్క అతుకుతుందో తెలియక సగానికి పైగా పొయ్యిలో పెట్టాల్సి వచ్చిందట. అమ్మమ్మ చనిపోయేదాకా ఆ మాట చెబుతూనే ఉంది.

అదే ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని తప్పించి అలంపురంలో మళ్లీ కట్టారు. రాయి రాయికి నంబరు వేసి విప్పారు, నంబరు ప్రకారం పేర్చారు. ఇవాళ వెళ్లి చూస్తే ఆ గుడి మొదటి నుంచీ అక్కడే ఉందనిపిస్తుంది. మీరు కూడా నంబర్లు వేయండి. సుద్దతో వేస్తే వానకు పోతుంది, పెయింటుతో వేయండి. ముందే గుమ్మాలకు, మండువాకు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి.

పెంకుటిల్లు_రాజోలు | జనవరి 9, రాత్రి 9:05

చదువుతుంటే చాలా ధైర్యం వచ్చింది. బేరగాడికి వద్దని చెప్పేశాం. నిన్న తమ్ముడు, నేను కొలతలు తీశాం. స్తంభాలు, నాలుగు పెద్ద దూలాలు టేకే. మిగతావి మద్ది, వేప.

ఇప్పుడు ఇంకో చిక్కు. పాత ఇంటి గడప కొత్త ఇంటికి పెట్టకూడదని అమ్మ అంటోంది. సింహద్వారం గడప మధ్యలో అరిగి పడవలా అయింది. పసుపు రాసి రాసి పైన పసుపుకొమ్ము రంగు పట్టింది. మా ఇంటికి వచ్చిన ముగ్గురు కోడళ్లు దాన్ని దాటే లోపలికి వచ్చారు. దాన్ని వదల్లేం, అలాగని అమ్మ మాట కాదనలేం.

అరుగు_మీద | జనవరి 9, రాత్రి 10:10

తమ్ముడూ, అమ్మగారి మాట కొట్టిపారేయకండి. ఆ పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. మాదీ గుంటూరు వైపు ఇలాంటి ఇల్లే. మా అత్తగారు ఇంకొకరి ఇంటి కలప వద్దన్నారు కానీ, సొంత వంశంవాళ్ల ఇంటిది అయితే పరవాలేదన్నారు. ఆవిడ ఇష్టప్రకారం సింహద్వారానికి కొత్త గడప పెట్టించాం. పాతదాన్ని అరుగు అంచుకు వేయించాం. సాయంత్రం ఆవిడ కూర్చునేది దాని మీదే. అమ్మగారిని అడగండి, ఎక్కడ పెడితే ఆవిడ మనసుకు బాగుంటుందో ఆవిడే చెబుతారు. ఆవిడ ఉండబోయే ఇల్లది.

స్లాబు_లెక్కలు | జనవరి 10, ఉదయం 11:20

నేను సివిల్ ఇంజనీరుని. కొన్ని మాటలు కచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే ఇష్టంతో చేసే పనిలోనే జాగ్రత్త తప్పుతుంది.

పశువుల పాక మీది పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని పగలగొట్టవద్దు, కోయవద్దు, రంధ్రాలు వేయవద్దు. ఆ నుసి ఊపిరితిత్తుల్లోకి వెళితే బయటికి రాదు, ఏళ్ల తరువాత జబ్బు బయటపడుతుంది. నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దించండి. ఎవరైనా ఉచితంగా అడిగినా ఇవ్వకండి. అది ప్రమాదకర వ్యర్థం, మామూలు చెత్తలో పడేయకూడదు.

పాత తలుపుల రంగు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ప్రతి రంగులోనూ సీసం ఉందనే అనుకోండి. పొడిగా సాండ్‌పేపర్ పట్టకండి. తడిపి గీకండి, పిల్లలను దూరంగా ఉంచండి, గీకిన పెచ్చులు గుడ్డలో మూటగట్టండి.

పాత ఇనుప చువ్వలు ఎక్కడైనా దొరికితే సాపు చేసి స్లాబులో వేయకండి. అమ్మేయండి.

ఇటుకల విషయంలో మీది అదృష్టం. సున్నంతో కట్టిన గోడ గునపం ఆనిస్తే చాలు, ఇటుక మొత్తంగా ఊడి వస్తుంది. సిమెంటుతో కట్టిన గోడలో ఇటుకే ముందు పగులుతుంది. కానీ గోడ కింది మూడు అడుగుల ఇటుకలు పక్కన పెట్టండి. మీరు ఉప్పురిసిందన్నారు. ఆ ఉప్పు ఇటుకలోనే ఉంటుంది, కొత్త గోడలోనూ బయటికి వస్తుంది. మిగతావాటిలో ఒక పది తూకం వేసి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూయండి. బరువు 20 శాతం కంటే ఎక్కువ పెరిగితే బరువు మోసే గోడకు పనికిరావు.

చివరగా, గుమ్మం ఖాళీ వదిలేసి తలుపు వెతకవద్దు. ముందు తలుపు కొలిచి దానికి తగ్గ ఖాళీ వదలండి. మీ పాత తలుపులు ఎత్తు తక్కువ ఉంటాయి, కింద టైల్స్ వేస్తే ఇంకా తగ్గుతాయి. పైన ఒక వెంటిలేటర్ బిగిస్తే ఎత్తు సరిపోతుంది, గాలీ వస్తుంది.

నల్లబండ | జనవరి 10, సాయంత్రం 4:45

ఆ మిగిలిన ఇటుక ముక్కలు పారేయకండి అన్నా. నేల కింద దిమ్మిస కొట్టడానికి పనికొస్తాయి. మాది కడప జిల్లా. మా మట్టిమిద్దె విప్పినప్పుడు కింద పరిచిన బండలన్నీ తిరగేశాం. యాభై ఏళ్లు నడిచి అరిగిన వైపు కిందికి, ఎప్పుడూ వెలుగు చూడని వైపు పైకి. అంచులు కోయించి పాలిష్ పట్టిస్తే కొత్త బండ పక్కన పెట్టినా తేడా తెలియలేదు. కూలి తప్ప ఖర్చు లేదు.

మల్కాజిగిరి_మూడో_అంతస్తు | జనవరి 11, రాత్రి 9:30

ఇది సొంత ఇల్లున్నవాళ్లకే కుదిరే పనా? మేం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పోయినేడాది మా పెద్దనాన్న వాళ్ల ఇల్లు అపార్ట్‌మెంట్ కోసం కూలగొట్టారు. తలుపులు, కిటికీలు మేం తీసుకుంటామని ముందే చెప్పాం. కూలగొట్టే కాంట్రాక్టరు సరే అన్నాడు. వారం తరువాత అని చెప్పి రెండో రోజే జేసీబీ పెట్టాడు. మేం వెళ్లేసరికి మధ్యాహ్నం అయింది. గోడల కింద దర్వాజలు అడ్డంగా విరిగి ఉన్నాయి. మా నాయన అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. ఒక్క వెంటిలేటర్ దొరికింది, రంగు అద్దాలతో సహా. దాన్ని తెచ్చి వంటగదికి, హాలుకు మధ్య గోడలో పెట్టించాం. రోజూ పొద్దున ఆరున్నరకు ఆకుపచ్చ వెలుతురు నేల మీద పడుతుంది.

కాగితం మీద రాయించుకోనిదే ఎవరి మాటా నమ్మకండి.

స్లాబు_లెక్కలు | జనవరి 11, రాత్రి 10:00

మల్కాజిగిరి గారూ, బాధగా ఉంది. హైదరాబాద్‌లో కూలగొట్టిన శిథిలాల కోసం జీడిమెట్ల, ఫతుల్లాగూడలో రోజుకు 500 టన్నుల చొప్పున ఆడించే ప్లాంట్లు ఉన్నాయి. కాంక్రీటును కంకరగా, ఇసుకగా మార్చి పేవర్ బ్లాకులు చేస్తారు. కంకరకు మన దేశపు ప్రమాణం (ఐఎస్ 383) 2016 నుంచి పాత కాంక్రీటు కంకరను మామూలు కాంక్రీటులో 25 శాతం, చువ్వలు వేసే కాంక్రీటులో ఎం25 అనే బలం గ్రేడు వరకు 20 శాతం వాడుకోనిస్తోంది. మంచి పనే. కానీ తలుపు తలుపుగా మిగలడానికీ, నుజ్జయి పేవర్ బ్లాకు కావడానికీ చాలా తేడా ఉంది. ఆడించడం చివరి దారి కావాలి.

పోర్ట్‌లాండ్_తెలుగు | జనవరి 12, ఉదయం 7:10

అమెరికాలో మేం ఉండే పోర్ట్‌లాండ్‌లో ఇది చట్టం. 2016లో మొదలైంది. 1916 నాటికి కట్టిన ఇళ్లను యంత్రంతో పడగొట్టకూడదు, చేత్తో విప్పి కలప దాచాలి. 2020లో దాన్ని 1940 వరకు పెంచారు. విప్పిన తలుపులు, సింకులు అమ్మే పెద్ద దుకాణాలు ఉన్నాయి. మా వంటింటి బల్ల అలా వచ్చిందే. మన ఊళ్లలో చట్టం లేకపోయినా విప్పడం తెలిసిన మనుషులు ఇంకా ఉన్నారు. వాళ్లకు పని ఇవ్వండి, వాళ్లు ఉన్నప్పుడే.

బెజవాడ_మేస్త్రి | జనవరి 12, మధ్యాహ్నం 2:20

ఖర్చు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. పాత సామాను ఉచితం అనుకుని దిగితే మధ్యలో టెన్షన్ వస్తుంది. విప్పే కూలి, లారీ, మేకులు పీకే కూలి, ఇటుక గీకే కూలి, దాచడానికి నీడ, అన్నీ డబ్బే. కలపలో మిగులుతుంది. పెంకులో కొంచెం మిగులుతుంది. ఇటుకను దూరం మోస్తే ఏమీ మిగలదు. రాజోలు నుంచి కాకినాడకు ఇటుక మోయకండి, ఊళ్లోనే ప్రహరీ కట్టే వాళ్లకు ఇచ్చేయండి.

మీ దగ్గర పెంకులు ఎక్కువైతే ఫిల్లర్ స్లాబు గురించి ఆలోచించండి. స్లాబు కింది భాగంలో కాంక్రీటు బరువే తప్ప పని చేయదు. ఆ చోట చువ్వల గళ్ల మధ్య రెండేసి పెంకులు బోర్లించి పెడతారు. కాంక్రీటు తగ్గుతుంది, గది చల్లగా ఉంటుంది. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఇలా ఎన్నో ఇళ్లు కట్టారు, కూలిన ఇళ్ల తలుపులు, కిటికీలు ఏరి తెచ్చి పెట్టేవారు. అయితే చువ్వల లెక్క ఇంజనీరు వేయాలి, మేస్త్రి కాదు. మేస్త్రినే చెబుతున్నాను.

పెంకుటిల్లు_రాజోలు | ఫిబ్రవరి 22, రాత్రి 11:00

పని అయింది. పదకొండు రోజులు పట్టింది. మీరందరూ చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి అక్కడి పెద్ద వడ్రంగి చేతికిచ్చాను. ఆయన చదివి, "ఇవన్నీ మా నాన్న చెప్పినవే, ఈ మధ్య అడిగినవాళ్లు లేరు" అన్నారు.

పెంకులు 2,640 దించాం. తట్టి చూసి, బొంగురుగా మోగినవి, పగిలినవి 600 పక్కన పెట్టాం. మిగతావాటిలో 1,300 ఒక అచ్చు, 740 ఇంకో అచ్చు. ఇటుకలు ఊళ్లో ఇద్దరికి ఇచ్చేశాం. రేకులను తడిపి దించి, టార్పాలిన్‌లో చుట్టి పెట్టాం. ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే వాళ్లతో మాట్లాడుతున్నాం.

ఒక పొరపాటు జరిగింది. నాలుగో రోజు ఒక దూలానికి ఒకవైపే తాడు కట్టారు. అది జారి ఒక స్తంభం తల పగిలింది. మనుషులకు ఏమీ కాలేదు, అదే చాలు.

వంటింటి ద్వారబంధం విప్పుతుంటే నాన్న ఆపమన్నారు. రంగు గీకితే లోపల కత్తితో గీసిన అడ్డ గీతలు కనిపించాయి. ఉగాదికి ఉగాదికి పిల్లల ఎత్తు కొలిచి తాతగారు పెట్టిన గాట్లు. నాన్నవి ఏడు. మా పెద్దత్తవి నాలుగే, ఆవిడ పన్నెండో ఏట పోయింది. నాన్న ఆ నాలుగో గాటు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ఆ బంధానికి రంగు వేయం, చిత్రిక కూడా పట్టించం. నూనె ఒక్కటే పట్టిస్తాం.

ఉలి_సుత్తి | ఫిబ్రవరి 23, ఉదయం 6:30

అవిసె నూనె పట్టించండి అన్నా. వేడి చేసిన నూనె పలుచగా రాసి, అరగంట తరువాత గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే జిగురు కడుతుంది. మూడు రోజులకొకసారి మూడు పూతలు. నూనె గుడ్డలు ఉండ చుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి ఆరబెట్టండి.

పగిలిన స్తంభాన్ని పారేయకండి. తల కోసేసి, కింద రాతి దిమ్మె ఎత్తు పెంచితే పైకి సరిపోతుంది.

అరుగు_మీద | ఫిబ్రవరి 23, రాత్రి 8:15

నాలుగు గాట్ల దగ్గర నేనూ ఆగిపోయాను తమ్ముడూ. గడప సంగతి ఏమైంది?

పెంకుటిల్లు_రాజోలు | జూన్ 19, సాయంత్రం 6:50

ఇన్నాళ్లూ రాయలేకపోయాను, క్షమించండి. పైగది కప్పుకు మొదటి అచ్చు పెంకులు 1,200, వరండాకు రెండో అచ్చువి 540 పట్టాయి. వంద చదరపు అడుగులకు 150 లెక్క సరిగ్గా సరిపోయింది. వరండాలో ఎనిమిది స్తంభాలూ నిలబడ్డాయి. తల పగిలినది మెట్ల పక్కన, మిగతావాటికంటే ఎత్తు దిమ్మె మీద ఉంది. గాట్లు ఉన్న బంధం వంటింటికే పెట్టాం. మొన్న ఉగాదికి తమ్ముడి కూతురిని నిలబెట్టి నాన్న కొత్త గాటు పెట్టారు.

గడప గురించి అక్క చెప్పినట్టే అమ్మనే అడిగాను. రెండు రోజులు ఆలోచించి, పెరటి గుమ్మం దగ్గర తులసికోట ముందు నేలలో పాతించమంది. రోజూ పొద్దున దాని మీద కాళ్లు కడుక్కునే లోపలికి వస్తానంది. అక్కడే వేశాం. పసుపు మాత్రం రాస్తోంది.

పోయిన వారం మొదటి పెద్ద వాన పడింది. పైగదిలో ఈశాన్య మూల కారింది. ఎక్కి చూస్తే అక్కడ పది పన్నెండు పెంకులు రెండో అచ్చువి. దగ్గరలో ఉన్న గుట్టలోంచి తీసి నేసేశారు, మేం చూసుకోలేదు. మూసీ గారు జనవరిలోనే హెచ్చరించారు. వాటిని మార్చాక మళ్లీ వాన పడింది, చుక్క రాలేదు.

ఇంకా మొదటి అచ్చువి 80 పైచిలుకు, రెండోవి 200 దాకా మిగిలాయి. మొదటివి మరమ్మతుకు ఉంచుకుంటాం. రెండోవి కాకినాడ వచ్చి తీసుకెళ్లగలిగిన వాళ్లకు ఊరికే ఇస్తాం. అచ్చు ఫోటో పంపమంటే పంపుతాను, మీ పెంకు గాడితో సరిపోల్చుకున్నాకే బండి మాట్లాడుకోండి.

మల్కాజిగిరి_మూడో_అంతస్తు | జూన్ 19, రాత్రి 9:10

ఫోటో పంపండి అన్నా. మా పక్క బిల్డింగ్ వాచ్‌మెన్ గది కప్పు పెంకులదే, నలభై దాకా పగిలాయి. రేపు పొద్దున మెట్లెక్కి ఒక పెంకు తీసి గాడి కొలుస్తాను.